ఆర్మేరో బురద, మా గోడ మీద గీత

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు మేము మిద్దెక్కి బతికాం. పొమ్మని చెప్పినవాళ్లెవరూ లేరు, పక్కింటి పిన్ని కేకే మాకు సైరన్. నీళ్లు తీశాక కిందికి దిగితే బేతంచెర్ల బండలు కనబడలేదు, అంతా నల్లటి బురదే, నాయన పారతో ఎత్తితే పారకే అతుక్కుని ఎంత విదిలించినా ఊడేది కాదు. అందుకే కొలంబియాలోని నెవాడో డెల్ రూయిజ్ గురించి చదువుతుంటే లావా కంటే బురద దగ్గరే ఆగిపోయాను.

ఆండీస్ పర్వతాల్లో 5,321 మీటర్ల అగ్నిపర్వతం అది. భూమధ్యరేఖకు దగ్గరే, అయినా ఆ ఎత్తులో ఏడాదంతా మంచే. సముద్రం అడుగునున్న నాజ్కా పలక అనే భూమి పైపొర ముక్క దక్షిణ అమెరికా కిందికి దూరుతూ నీటిని కూడా లోపలికి తీసుకుపోతుంది, ఆ నీటి వల్ల పైనున్న రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టి పైకొచ్చే మాగ్మా చిక్కగా, గ్యాస్ నిండి ఉంటుంది కాబట్టి పారడం కంటే పేలడమే ఎక్కువ.

1985 నవంబర్ 13 రాత్రి తొమ్మిది దాటాక పేలింది. పెద్ద పేలుడేం కాదు. కానీ నిప్పులాంటి బూడిద, రాళ్లు మంచు మీద దొర్లి దాదాపు పదో వంతు మంచును కరిగించాయి, ఆ నీళ్లు లోయల్లో దిగుతూ మట్టినీ బండరాళ్లనీ కలుపుకుని, తడి కాంక్రీటులా చిక్కబడి, రెండున్నర గంటల్లో ఆర్మేరో ఊరి మీద పడ్డాయి. ఇలాంటి బురద ప్రవాహాన్ని లహార్ అంటారు. మొత్తం 23 వేల మంది దాకా పోయారు.

రెండున్నర గంటలు! ఎత్తైన చోటికి నడిచి పోవడానికి చాలినంత టైమ్. ముందు నెలలోనే తయారైన ప్రమాద మ్యాపులో ఆర్మేరో కూడా ఉంది. అసలు ఆ ఊరు నిలబడిందే 1845లో ఇలాగే వచ్చిన బురద మీద, అంతకు ముందు 1595లోనూ వచ్చింది. కాళ్ల కింది మట్టే సాక్ష్యం.

మట్టిలో సాక్ష్యం మన దగ్గరా ఉంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో తెల్లటి బూడిద పొర చూశాను, సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటిది. చూడ్డానికి పౌడరే, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. అదంతా సన్నటి గాజు ముక్కలే.

సున్నం కొట్టించినప్పుడల్లా నాయన మా గోడ మీద ఆ వరద మిగిల్చిన నీళ్ల గీతను మాత్రం వదిలేయమంటాడు. నా భుజం కంటే పైనే ఉంది.