చింతగింజల లెక్క

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ అబ్బాయి మొహమే కళ్లముందు ఆడుతోంది. రాసేస్తే పోతుందేమోనని కూర్చున్నా.

మా ఆఫీసుకు కొత్త మేడం వచ్చిందని మొన్న చెప్పాను కదా, ఫైళ్లన్నిటికీ రంగు దారాలు కట్టించిన మేడం. ఈరోజు భోజనాలయ్యాక అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "మీ గురించి ఇక్కడ ఎవరికీ తెలియని విషయం ఒకటి చెప్పండి" అంది. నిద్రొచ్చే టైములో ఇదేం పరీక్షో.

నా వంతు ఐదోది. మొదటాయన బల్లి ఉంటే స్నానానికి కూడా పోడట. ఇంకో ఆవిడ రెండు చేతులతోనూ రాస్తుందట, రాసి చూపించింది కూడా. ఎనిమిదేళ్లుగా పక్క సీట్లో కూర్చుంటున్నా, నేనెప్పుడూ గమనించలేదు. నాకు లోపల టెన్షన్ మొదలైంది. తిరుపతిలో పెరిగి, తిరుపతిలోనే కాపురం చేస్తూ లడ్డు తిననని చెప్పనా? మీకు తెలుసు ఆ సంగతి. యాలక్కాయ పంటికింద పడితే నాకు పొద్దుపోయేదాకా నోరు అదోలా ఉంటుంది, అంతే. భక్తికీ దానికీ సంబంధం లేదు, కొండమీది వడ పెడితే రెండు తింటాను. కానీ ఫలానా ఊరి సొంత సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా 2009లో తెచ్చుకున్న లడ్డును వద్దనే మనిషి ఈ ఊళ్లో ఉందంటే ఊరుకుంటారా? మా అత్తమ్మకే ఇంకా తెలియదు. నా ముక్క మా ఆయన ప్లేట్లోకి జరుపుతూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చా. అందుకని నోరు తెరిస్తే, "నాకు కాఫీ అంటే చాలా ఇష్టం మేడం" అని వచ్చింది.

"అది అందరికీ ఉండేదే కదండీ" అని నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు.

నా తర్వాత మా సెక్షన్ అబ్బాయి. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "నేను ఏ మెట్లెక్కినా లెక్కపెడతాను మేడం. చిన్నప్పటినుంచీ అదో పిచ్చి. అలిపిరి మెట్లు కూడా లెక్కపెట్టాను, కరెక్టుగా 3550" అన్నాడు. చప్పట్లు. మేడం అయితే "అబ్బా, భలే!" అంది.

అది నాది!

రెండు నెలల కింద లిఫ్టు చెడిపోయినప్పుడు నాతోపాటు ఎక్కుతూ, "ఏంటక్కా గొణుక్కుంటున్నావు" అని అడిగితే నేనే చెప్పా. బైరాగిపట్టెడ ఇంటికి 34 మెట్లనీ, పదిహేడు ఎక్కి మలుపు తిరిగి మళ్లీ పదిహేడనీ, ఆఫీసువి 44 అనీ. మెట్ల మీద ఎవరేం మాట్లాడినా నాకు వినబడదని, ఊ కొడుతూ లెక్క చూసుకుంటానని కూడా చెప్పా. మా ఆయన ఈ కిటుకు ఎప్పుడో కనిపెట్టాడు. కొత్త బండి కొనడానికి నేను "ఊ" అన్నది పన్నెండో మెట్టు మీదేనట. ఇదంతా విని అప్పుడు పడీపడీ నవ్విన అబ్బాయి, ఈరోజు మొత్తం తన పేరుమీద రాసేసుకున్నాడు.

పైగా కరెక్టుగా 3550 అట! వాడు లెక్కపెట్టలేదనడానికి ఆ అంకె చాలు. 3550 అనేది అందరూ చెప్పే లెక్క. నిజంగా లెక్కపెట్టినవాళ్లకు అలా రాదు. బండ పరిచిన చదును దగ్గర అంచును మెట్టు అనుకోవాలా వద్దా, అరిగి నేలలో కలిసిపోయినదాన్ని ఏం చేయాలి, వెనక నుంచి ఎవరో గోవిందా అంటే మనమూ అనాలి కదా, అప్పుడు ఎంత దగ్గర ఆగాం? పెద్దయ్యాక నేను మూడుసార్లు ప్రయత్నించా. ఒకసారి 3561, ఇంకోసారి 3538. మూడోసారి కాళ్లు పట్టేసి సగంలో వదిలేశా.

సాయంత్రం టీ దగ్గర వాడే వచ్చాడు. "అక్కా, ఏమీ అనుకోలేదు కదా. ఆ టైముకు ఏమీ తోచలేదు, నీదే గుర్తొచ్చింది." దానికేముందిలే అన్నా. అలా ఎందుకన్నానో అర్థం కాక బస్టాండు దాకా నన్ను నేనే తిట్టుకుంటూ నడిచా.

ఇంటికొచ్చేసరికి చిన్నది తనంతట తానే దోసెలు పోసి, ఊరిబిండి నూరి పెట్టింది. మొదటిసారి. మెచ్చుకున్నాననే అనుకుంటున్నా.

ఇంతవరకూ రాసి ఒకసారి పైకి చదువుకున్నా. లెక్క సరిగ్గా లేదని వాడిమీద ఎగురుతున్నాను గానీ, అసలు ఈ లెక్క నాకు ఎక్కడ అంటుకుందో మీకెప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

1987లో నాకు తొమ్మిదేళ్లు. చిన్నాయనకు కామెర్లు తగ్గితే మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని అవ్వ మొక్కుకుంది. మా పల్లె చంద్రగిరి పక్కనే. అక్కడికి దగ్గర శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు, 2388 మెట్లతో అయిపోతుంది. అలిపిరి నుంచైతే తొమ్మిది కిలోమీటర్లు. నాయన ఆ మాటే అంటే, "మొక్కు తీర్చేటప్పుడు అడ్డదారి చూసుకుంటారా రా" అంది. ఆమె కాపురానికి వచ్చేనాటికి కొండకు బస్సు దారే లేదు, ఘాట్ రోడ్డు పడింది 1944లో. ఆమెకు నడకంటే లెక్కే లేదు.

పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. అవ్వ చేతిలో పసుపు గిన్నె, పిన్నమ్మ చేతిలో కుంకుమ. వంగడం, వేలితో అద్దడం, లేవడం. నా పని లెక్కపెట్టడం. అవ్వకు చదువు రాదు, పాల లెక్క అయినా కూలోళ్ల లెక్క అయినా చింతగింజలే. ఆరోజు వక్కాకు సంచిలో ఒక అరలో నలభై గింజలు పోసుకుంది. నేను "నూరు" అనగానే పసుపు వేళ్లతోనే ఒక గింజ తీసి పక్క అరలో వేసేది. వేసినప్పుడల్లా నాకో బెల్లం ముక్క.

గాలిగోపురం దాకా ఒక్క మెట్టు తప్పు పోలేదు, ఒట్టు. ఇరవై గింజలు దాటాయి. అక్కడ కూర్చుని పులిహోర తిని లేచామో లేదో, ఒక కోతి పిన్నమ్మ చేతిలోని బొరుగుల పొట్లం లాక్కుపోయింది. ఆ గోలలో నా లెక్క పోయింది. అరవై నాలుగా, డెబ్భై నాలుగా?

"ఎన్నయినాయి మే?" అంది అవ్వ.

"నూరు."

గింజ మారింది. బెల్లం ముక్క చేతిలో పడింది.

ఆ తర్వాత నా నూరు ఎనభైకే వచ్చేసేది. జింకల పార్కు దాటాక అరవైకే వచ్చేది. కాళ్లు నొస్తున్నాయి, బెల్లం బాగుంది, అవ్వ నడుము పట్టుకుని వంగుతోంది. ఆమెకు ఇవేవీ పట్టలేదు, నేను నూరు అంటే నూరే.

రామానుజులవారు మోకాళ్లమీద ఎక్కారని చెప్పే ఆ నిట్టనిలువు మోకాళ్ల మెట్ల మధ్యలో గింజలు అయిపోయాయి. ఒక అర ఖాళీ, పక్క అరలో నలభై. పైన ఇంకా మెట్లు కనబడుతున్నాయి. అవ్వ సంచి తిరగేసి దులిపింది. తమలపాకు తొడిమలు రాలాయి. నాకు గొంతు ఎండిపోయింది, ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు తంతుంది అని. ఆమె కాసేపు పైకి చూసి, ఒక వక్క తీసి గింజ బదులు వేసుకుని మళ్లీ వంగింది. నా బెల్లం ముక్క నాకిచ్చింది.

పోయేదాకా ఆమె లెక్క అదే: నాలుగు వేల ఒక నూరు. ఊళ్లో అయ్యవారు నవ్వి, "మూడున్నర వేలే కదవ్వా" అంటే, "మీరు పుస్తకంలో చూసింటారు. నా మనవరాలు ఒక్కో మెట్టూ చూసింది" అనేది, నన్ను పక్కన నిలబెట్టుకుని. నేను తల ఊపేదాన్ని.

మధ్యాహ్నం మేడం అడిగినప్పుడు ఇది చెప్పుండాల్సింది. కాఫీ అంట, కాఫీ!

వాడి మీద కోపం మాత్రం ఇంకా ఉంది. తగ్గిందనుకోకండి.

ఇందాక గేటు తాళం వేయడానికి కిందికి దిగా. ముప్పై నాలుగు. ఎక్కుతుంటే పైనుంచి మా ఆయన, "పాల ప్యాకెట్ల సంచి తగిలించావా?" అని అరిచాడు. తగిలించా అన్నా. ఇరవై రెండా, ఇరవై మూడా? మెట్టు మీద నిలబడి కాసేపు ఆలోచించి, మళ్లీ కిందికి దిగా.