మూడు గాట్లు

"సార్, ఎన్ని గాట్లు పెట్టమంటారు?" అన్నాడు ఆటోనగర్ కొట్టాయన. నట్లు విప్పే సాకెట్టు నా చేతిలో ఉంది. అరగంట నుంచి మాట్లాడుతున్నది నేను. మా ఆయనేమో బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. ఆ "సార్" పొద్దున్నుంచీ చెవిలో తిరుగుతోంది, నిద్ర పట్టక ఇలా వచ్చి కూర్చున్నాను.

ఇదంతా ఇంట్లో సోడా పోసుకోడానికి తెచ్చిన పాత స్టీలు డ్రమ్ము గొడవ, అత్తయ్య భాషలో "బాంబు". దాని పైన రెండు మూతులుంటాయి, ఒకటి గ్యాసు ఎక్కించడానికి, ఒకటి సోడా రావడానికి. వాటికి పైపు బిగించే తీరుని బట్టి బాల్ లాక్, పిన్ లాక్ అని రకాలు. తెచ్చిన రోజు బాల్ లాక్ అనుకుని మురిసిపోయాను. జిడ్డు తుడిచాక చూస్తే మూతి చుట్టూ బుడిపెలు, అంటే పిన్నులు, తేలాయి. పిన్ లాక్! అమెరికాలో కోకాకోలా సిరప్ నింపిన రకం. పెప్సీ వాళ్ళ బాల్ లాక్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండూ పట్టేది దాదాపు 19 లీటర్లే. ఈ డ్రమ్ము పొట్టిగా, బొద్దుగా ఉన్నప్పుడైనా నాకు తట్టొద్దూ?

ఆ బుడిపెలు అడ్డమొచ్చి మామూలు పానా పట్టదు. లోతు సాకెట్టు అంచుకి గాట్లు కోయించి, బుడిపెలు వాటిలో దూరేలా చేసుకోవాలి. "మూడు" అన్నారు ఈయన తల ఎత్తకుండా. కుర్రాడు గ్రైండరుతో సమదూరంలో మూడు కోసిచ్చాడు. ఇంటికొచ్చి పెడితే సోడా వచ్చే వైపు మూతి చక్కగా ఊడింది. గ్యాసు వైపు దానికి ఎదురెదురుగా రెండే బుడిపెలు. ఎలా తిప్పినా ఒకటి దూరితే రెండోది దూరదు.

ఒళ్ళు మండిపోయింది. పూర్ణా మార్కెట్‌లో వాషర్ల కొట్టువాడూ అంతే, "మీ ఆయన్ని పంపండమ్మా, ఆయనకైతే తెలుస్తాది" అన్నాడు. ఆయనకా! ఈ ఇంట్లో మిక్సీ విప్పేదెవరో చంటాడిని అడిగినా చెప్తాడు. మొత్తం అయిదు రింగులు కావాలి: మూతకి పెద్దది ఒకటి, పైన రెండు మూతులకీ రెండు, లోపలి గొట్టాలకి రెండు. పాతవి బయటపడేద్దామని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కోలా వాసన. రబ్బరు అంత తొందరగా మర్చిపోదు.

రబ్బరు రింగులంటే నాన్న సోడా కొట్టే. కంచరపాలెంలో, రైల్వే గేటు అవతల. గోలీ సీసా మెడలో ఉండే రింగు పాతబడితే కొత్తది ఎక్కించడం నా పని, నా వేళ్ళు సన్నమని. పది వేళ్ళకీ పది రింగులు తొడుక్కుని పెళ్ళికూతురిలా కూర్చునేదాన్ని. నాన్న సీసాలు పెట్టెలో బిగించి, గోనెపట్టా కప్పి చక్రం తిప్పేవాడు. గ్యాసు పట్టాక గోలీ వెళ్ళి రింగుకి అంటుకునేది. అప్పుడప్పుడు లోపల ఢామ్మని ఒకటి పేలేది. నింపిన సీసాలు ఒక్కొక్కటీ నా చెవి దగ్గర పెట్టి "స్ మంటోందేటే?" అని అడిగేవాడు. కారేవి నేను ఏరేదాన్ని. ఆ సీసాకి 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్నాడట. మా వీధిలో మాత్రం అది నాన్న సీసాయే. కొట్టుకొచ్చిన పెద్దవాళ్ళు నన్ను చూసి నవ్వితే, "దాన్నే అడగండి, దానికే తెలుసు" అనేవాడు.

ఇంతవరకూ కొట్టాయన్ని తిడదామనే రాశాను. ఇప్పుడు గుర్తొస్తోంది. రాత్రి అన్నం తింటూ ఈయనతో "మూడు పిన్నులున్నాయి చూశారా" అన్నది నేనే. ఒక వైపు మాత్రమే తుడిచి చూశాను. పైపులు తారుమారు కాకుండా గ్యాసు వైపు రెండు, రెండో వైపు మూడు పెడతారని ఎప్పుడో చదివాను కూడా. కొట్టాయన నన్నే అడిగి ఉంటే నేనూ మూడనే అందును. అయినా నన్నే అడగాల్సింది. తప్పు చెప్తే నేనే చెప్పుకుందును.

మంచి సంగతి ఒకటుంది. వేణ్ణీళ్ళలో చాకలి సోడా కలిపి రాత్రంతా ఉంచితే లోపల స్టీలు తళతళలాడుతోంది. అత్తయ్య బ్లీచింగ్ పౌడర్ వేయమన్నారు, వద్దన్నాను. క్లోరిన్ స్టీలుని చిల్లులు పడేలా తినేస్తుంది. బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. చెవి పెట్టి వినే వయసు దాటింది. పోసేది అల్లం సోడాయే లెండి, ఎవరూ కంగారు పడకండి.

ఇందాక కాగితం మీద సాకెట్టు బొమ్మ గీసుకున్నాను. ఉన్న గాట్లలో ఏదో ఒకదానికి సరిగ్గా ఎదురుగా ఇంకొక్కటి కోస్తే చాలు, రెండు వైపులకీ అదే పనికొస్తుంది. రేపు ఈయన్ని లేపను, ఒక్కదాన్నే వెళ్తాను.