అమ్మమ్మ చేతులు, 36 ఫ్రేములు

మొన్న నాన్నగారి పాత కెమెరాలో మళ్లీ రీలు ఎక్కించాను. మొత్తం 36 ఫోటోలు. ఫోన్‌లో అయితే ఒక్క పెళ్లి భోజనాల దగ్గరే అన్ని తీసేస్తాం, ఇక్కడ మాత్రం అమ్మమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఎండ ఆమె చేతుల మీదికి వచ్చేదాకా పది నిమిషాలు ఆగి ఒక్కటే నొక్కాను. ఆ ఆగడం కోసమే నాకు ఫిల్మ్ కావాలి.

ఫిల్మ్ పనైపోయిందని అందరూ అన్న రోజులున్నాయి. 2012లో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది, అదే ఏడాది ఎక్టాక్రోమ్ అనే తన కలర్ స్లైడ్ ఫిల్మ్ ఆపేసింది. ఊటీలో ‘ఇందు’ పేరుతో మన సొంత ఫిల్మ్ చేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. కానీ 2018లో ఎక్టాక్రోమ్ తిరిగొచ్చింది! 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్మ్ కెమెరా వచ్చింది, ఒక్కో ఫోటోకి సగం ఫ్రేమే వాడుతుంది కాబట్టి 36 ఫోటోల రీలులో 72 పడతాయి, రీలు ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లకి ఇది నిజంగా మేలు.

ఇబ్బందల్లా కడిగించడం దగ్గరే. మా ఊళ్లో స్టూడియోలు ఎప్పుడో మానేశాయి, అందుకే బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే 20 డిగ్రీల డెవలపర్‌తో, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనంతో, కడుగుతున్నా (వేసవిలో సీసాను ఐసు నీళ్లలో పెట్టాల్సిందే). నిన్న రాత్రి నెగెటివ్ తడి ఆరకముందే బల్బుకి ఎదురుగా పట్టుకుని చూశాను. అమ్మమ్మ చేతులు వచ్చాయి.