పెద్ద దుప్పటికి ఎలాంటి సర్క్యులర్ సూది?

అనంతపురం ఎండలకు ఊలు దుప్పటితో పని లేదు కాబట్టి నేను ఎక్కువగా నూలు దారంతోనే అల్లుతాను. అయితే నూలు ఊలులా సాగదు, పైగా బరువు. మంచానికి సరిపడే దుప్పటి సగానికి వచ్చేసరికి, మామూలు సూదుల జతతో అల్లేవారికి ఆ భారమంతా మణికట్ల మీదే పడుతుంది. సర్క్యులర్ సూదిలో రెండు సూది కొనలనూ కలిపే కేబుల్, అంటే వంగే తీగ, ఒళ్లోకి వాలి ఉంటుంది గనుక ఆ బరువును ఒడే మోస్తుంది. అది గుండ్రటి అల్లికకే పనికొస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, వరుస పూర్తికాగానే అల్లికను తిప్పి పట్టుకుంటే దుప్పటిలాంటి వెడల్పాటి అల్లికా చక్కగా సాగుతుంది.

కేబుల్ పొడవు 100 నుంచి 150 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలు; కుట్లు కొంచెం ఒత్తుగా సర్దుకున్నా నష్టం లేదు.

పొడవు కన్నా ముఖ్యమైనది అతుకు. కొన, కేబుల్ కలిసేచోట బొటనవేలి గోటిని మెల్లగా జరిపి చూడండి. గోరు ఆగిందంటే రేపు ప్రతి కుట్టూ అక్కడే ఆగుతుంది, దారం పోగులు లేస్తాయి. అలాంటి సూది ఎంత చవకైనా వద్దనే చెబుతాను. లోహపు కొనల మీద కుట్లు వేగంగా జారుతాయి, వెదురు కొనలు వాటిని పట్టి ఉంచుతాయి. అరచేతులు చెమటపట్టే మే నెలలో నాకు వెదురే నచ్చుతుంది. కొత్త కేబుల్ చుట్టలు చుట్టుకుపోతుంటే కాసేపు వేడి నీళ్లలో ఉంచి, నిటారుగా లాగి ఆరనివ్వాలి.