పే స్లిప్పు నుంచి కరెంటు కోత దాకా ఒకే మంత్రి

దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగానికొచ్చిన మనవాళ్లు ప్రవీణ్ గోర్ధన్ పేరు వినకపోయినా, ఆయన చేతి పని మొదటి పే స్లిప్పులోనే చూస్తారు. డర్బన్‌లో పుట్టిన భారత సంతతివాడు, చదివింది ఫార్మసీ. 1999 నుంచి 2009 దాకా పన్నుల శాఖ సార్స్‌కు కమిషనర్. తర్వాత రెండు విడతలు ఆర్థిక మంత్రి, 2018 నుంచి 2024 దాకా ప్రభుత్వ రంగ సంస్థల మంత్రి. 2024 సెప్టెంబరులో పోయారు.

సార్స్‌ను గాడిన పెట్టడమే ఆయన చేసిన గట్టి పనని నా లెక్క. ఇక్కడ పన్ను ఏడాది మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరున ముగుస్తుంది. జీతంలో పన్నుతో పాటు నిరుద్యోగ బీమాకు 1 శాతం కోస్తారు, కంపెనీ ఇంకో 1 శాతం వేస్తుంది. కంపెనీ ఇచ్చే ఐఆర్‌పీ5 మన ఫారం 16 లాంటిదే. ఈ-ఫైలింగ్‌లో ఆ అంకెలు ముందే నిండి ఉంటాయి. ఉన్నాయి కదా అని సబ్‌మిట్ నొక్కేయకండి, ఐఆర్‌పీ5 పక్కన పెట్టుకుని ఒక్కో కోడూ సరిచూడండి. కారు అలవెన్సు వస్తుంటే లాగ్‌బుక్, అంటే ఎప్పుడు ఎంత దూరం నడిపారో లెక్క, రాయాల్సిందే. అది లేకపోతే మినహాయింపు దక్కదు.

2015 డిసెంబరు 9న ఆర్థిక మంత్రి నెనెను అప్పటి అధ్యక్షుడు జుమా తీసేయగానే ఇక్కడి కరెన్సీ రాండ్ పడిపోయింది. కొత్త మంత్రి నాలుగు రోజులే ఉన్నాడు, గోర్ధన్‌ను మళ్లీ పిలవాల్సి వచ్చింది. 2017 మార్చి 30 రాత్రి ఆయన్నీ తీసేశారు. కొద్ది రోజులకే రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ దేశం అప్పుల రేటింగును జంక్‌కు, అంటే పెట్టుబడికి తగని స్థాయికి దించింది. ఇంటికి డబ్బు పంపేవాళ్లు ఇక్కడ క్యాబినెట్ వార్తలు ఊరికే చూడరు.

ఆయన శాఖ కిందే ఉన్న ప్రభుత్వ కరెంటు కంపెనీ ఎస్కామ్ దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. పాత బొగ్గు ప్లాంట్లు మాటిమాటికీ ఆగేవి, కొత్తగా కట్టిన మెడుపి, కుసిలే ప్లాంట్లు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. కోతలు 2023లో పరాకాష్ఠకు చేరాయి. కోతల తీవ్రతను స్టేజీల్లో చెబుతారు: ఒక్కో స్టేజీ అంటే 1000 మెగావాట్ల కోత, స్టేజీ 6 అంటే 6000. అప్పుడు కరెంటు రోజుకు మూడు నాలుగు సార్లు పోయేది, చాలా చోట్ల ఒక్కో విడత రెండు గంటలకు పైనే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇన్వర్టర్లు కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతిన్నారు. కోతకూ కోతకూ మధ్య అది పూర్తిగా ఎక్కదు, సగం చార్జితో మళ్లీ దిగిపోతుంది, ఏడాది తిరక్కుండానే చచ్చిపోతుంది. ఖరీదెక్కువైనా లిథియమే నయం. వైఫై రౌటరుకు చిన్న డీసీ యూపీఎస్ చాలు. కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరి ఫ్రిజ్జులు కాలుతాయి కాబట్టి, పోగానే ప్లగ్గు పీకేసి, వచ్చాక అయిదు నిమిషాలాగి పెట్టండి.