గాలిమేడి: చెట్టు పని ఎంతవరకు వచ్చిందంటే

నా ఊహాలోకం అంచెల సీమ కోసం నేను కల్పిస్తున్న గాలిమేడి చెట్టు ఈ విడతలో బాగా ముందుకు కదిలింది. ఇదివరకటి సంగతులు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అంచెల సీమ అంతా బల్లపరుపు గుట్టలు. ఒక గుట్టకీ ఇంకో గుట్టకీ మధ్య నిలువునా దిగిపోయే గండి. ఆ గండి అంచున, రాతి పగుళ్లలోకి వేళ్లు దూర్చి పెరిగే చెట్టు గాలిమేడి. దాని పండు తిన్నవాళ్లు కాసేపు తేలికైపోయి, గండి మీదుగా అవతలికి దూకేస్తారు.

కల్పిత లోకాల్లో మాయ పండ్లు చాలావరకు మనిషి కోసమే కాసినట్టు ఉంటాయి. నాకు అది నచ్చదు. తనకి లాభం లేకపోతే ఏ చెట్టూ పండు మీద అంత సత్తువ ఖర్చు పెట్టదు. అందుకే ప్రతి వివరం దగ్గరా ఒకటే చూసుకుంటున్నాను: దీనివల్ల చెట్టుకి ఒరిగేదేమిటి? గాలిమేడికి కావలసింది విత్తనం అవతలి గుట్టకి చేరడం. గాలికి ఎగిరే విత్తనమైతే లోయ పాలవుతుంది. అదే గుట్టమేక పండు తిని, తేలికై, అవతలికి దూకి, అక్కడ పెంటికలు వేస్తే విత్తనం ఎరువుతో సహా నాటుకున్నట్టే. మనుషులు ఆ కిటుకుని చాలా తర్వాత పసిగట్టారు.

మహిమ ఎంతసేపు ఉండాలన్నదానికి నాకు దారి చూపింది పశ్చిమ ఆఫ్రికాకి చెందిన మిరకిల్ ఫ్రూట్. అందులోని మిరాక్యులిన్ అనే ప్రోటీన్ నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలకి అతుక్కుంటుంది. ఆ తర్వాత పుల్లటిది ఏది తిన్నా తియ్యగా అనిపిస్తుంది. కాసేపటికి ఆ ప్రభావం దానంతటదే పోతుంది. గాలిమేడికీ అదే పద్ధతి పెట్టి, నిడివి అర జాము అని రాసుకున్నాను. విత్తనం మేక కడుపులోంచి బయటపడటానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి అది కచ్చితంగా అవతలి నేల మీదే పడుతుంది.

పక్షులు ఈ పండు తినకూడదు. తేలికైన పక్షి గాలికి ఎటో కొట్టుకుపోతుంది, విత్తనం దారి తప్పుతుంది. మిరపకాయ చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ ఘాటు పక్షులకి తెలియదు, జంతువులకి మంట పుట్టిస్తుంది. నాకు పక్షుల్ని తరిమేది కావాలి. కొన్ని రకాల ద్రాక్షల్లో మిథైల్ ఆంథ్రానిలేట్ అనే పదార్థం ఉంటుంది. మనకి కమ్మటి ద్రాక్ష వాసన, పక్షులకి మాత్రం అస్సలు గిట్టదు. పంటల మీదికి పక్షులు రాకుండా దాన్ని చల్లుతారు కూడా. కాబట్టి గాలిమేడి పండుకి గాఢమైన ద్రాక్ష వాసన ఖాయం చేశాను. పక్షుల కంటికి ఆనే ఎరుపు తీసేసి, మట్టి కలిసిన ఆకుపచ్చ రంగు వేశాను. ఆ రంగు కాగితం మీద కూడా చాలా బాగా కుదిరింది.

ఎక్కువ సమయం తీసుకున్నది దూకుడు లెక్క. తిన్నవాళ్ల ద్రవ్యరాశి మారదు, నేల లాగే బలం మాత్రం ఆరో వంతుకి పడిపోతుంది. దాదాపు చందమామ మీద ఉన్నట్టు. గాలి నిరోధం పక్కన పెడితే, అదే ఊపుతో దూకినప్పుడు దూరం ఆరు రెట్లు అవుతుంది. బరువు తగ్గితే కాలికి పట్టు కూడా తగ్గుతుంది, పరుగు తీసి దూకడం కష్టం. అందుకని నిలబడి దూకే 2 మీటర్లనే లెక్కలోకి తీసుకున్నాను. అంటే మనిషి దాటగల గండి 12 మీటర్లు. దిగేటప్పుడు దెబ్బ తగలదు, ఎందుకంటే అదే ఎత్తులో దిగితే లేచినప్పటి వేగమే ఉంటుంది.

అసలు ప్రమాదం పక్కగాలి. గాల్లో ఉండే సమయం ఆరు రెట్లు. పక్కకి నెట్టుకుపోయే దూరం సమయం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 36 రెట్లు! ఈ లెక్క తేలగానే, పండు తిని గండి దాటే దాటుగాళ్ల బతుకంతా నా కళ్ల ముందు నిలిచింది. వాళ్లు తెల్లవారకముందే, గాలి పడిపోయిన వేళ చూసుకునే దూకుతారు. లోయ లోతు 300 మీటర్లు పెట్టాను. ఆరో వంతు బరువుతో పడినా మామూలుగా 50 మీటర్ల నుంచి పడినంత వేగం ఉంటుంది. పండు తిన్నాం కదా అని ఎవరూ ధీమాగా ఉండలేరు.

ఇక మొద్దు బొమ్మ. మేక మూతికి అందాలి కాబట్టి మేడి, పనస లాగే కాయలు మొద్దుకే కాస్తాయి. కోకో చెట్టుకి మొద్దు మీద చిన్న బొడిపెలు ఉంటాయి, ఏటా ఆ బొడిపెల నుంచే పూత వస్తుంది. కాయని లాగి తెంపితే బొడిపె దెబ్బతిని అక్కడ మళ్లీ పూయదు. ఈ సంగతి నాకు ఎంత ఉపయోగపడిందో! అంచెల సీమలో గాలిమేడి కాయని చేత్తో తెంపడం నేరం. వంపు కత్తితో, తొడిమ కొంచెం వదిలి కోయాలి. ఎండిన తొడిమ రాలినచోట బొడిపె చుట్టూ సన్నటి వలయం మిగులుతుంది. కాపు వచ్చిన ఏడాది మచ్చ మందంగా, కాపు లేని ఏడాది వెంట్రుకంత. ముసలివాళ్లు ఆ వలయాల మీద గోరు జరుపుతూ ఏ ఏడు కరువో చెప్పేస్తారు. నీడలకి 2బీ పెన్సిల్, వలయాలకి 0.1 ఇంకు పెన్ను వాడాను. ముందు పెన్ను పని పూర్తిగా ఆరనిచ్చి, తర్వాతే నీడ వేస్తే వలయాలు స్పష్టంగా నిలుస్తాయి.

పూత సంగతి తొందరగానే తేలిపోయింది: రాత్రి విచ్చుకునే తెల్ల పూలు, తేనె కోసం వచ్చే గబ్బిలాలు.

పండు నిల్వ గురించి మాత్రం గట్టిగానే ఆలోచించాను. మామిడి, అరటి కోశాక కూడా పండుతాయి. ద్రాక్ష, నారింజ అలా కావు. గాలిమేడిని రెండో జాతిలో చేర్చాను. పచ్చిగా కోస్తే పచ్చిగానే ఉంటుంది, మాగినది రెండు రోజుల్లో పాడవుతుంది. విత్తనం కూడా పనస గింజ లాగే ఎండితే మొలవదు. కాబట్టి ఏ రాజూ పండ్లని కొట్లలో దాచి గండి మీద పెత్తనం చెయ్యలేడు. పెత్తనమంతా చెట్టు పక్కన ఉన్న ఊరిదే. మంచి చెట్టు గుణం విత్తనంతో నిలవదు, అంటు కట్టాల్సిందే. అందుకే అంటు కట్టేవాళ్లకి ఈ లోకంలో దాటుగాళ్లతో సమానంగా గౌరవం ఇచ్చాను.

మామిడిలో చాలా రకాలు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు తగ్గిపోతాయి. గాలిమేడికీ అదే గుణం పెడుతున్నాను. కాపు లేని ఏడాది ఏ ఊళ్లు ఒంటరిగా మిగిలిపోతాయన్నది మ్యాప్ మీద తేల్చాలి. 12 మీటర్లలోపు గండ్లన్నిటికీ పెన్సిల్‌తో గీతలు గీశాను. ఉత్తరం గుట్టల మీద ఒక్క చెట్టే ఆధారంగా మూడు ఊళ్లు కనిపిస్తున్నాయి. వచ్చే విడత పని అక్కడి నుంచే.