పెరట్లో కోళ్లకు మడత కంచె

అనంతపురంలో మా ఇంటి వెనక కాస్త జాగా ఉంది. కూరగాయలూ అక్కడే, కోళ్లూ అక్కడే. రెంటికీ పొసగదు. వంగ నారు నాటిన మడిలోకి ఒక్క పెట్ట దిగిందంటే చాలు, గీరి గీరి వేళ్లు బయటికి తీస్తుంది. అలాగని పగలంతా గూట్లో మూసేస్తే నాటుకోడికి ప్రాణం ఆగదు. మా అవ్వ కాలంలో గంప కింద మూసేవాళ్లు. తల్లికీ పిల్లలకీ గంప చాలు కానీ, ఎదిగిన పెట్టలకు అందులో రెక్క విప్పే చోటే ఉండదు. చిన్నదైనా సరే, రోజూ చోటు మార్చగలిగేది, నేనొక్కదాన్నే కదపగలిగేది కావాలనుకున్నాను.

ఇనుప చట్రం వెల్డింగ్ చేయిద్దామని మా ఆయన అన్నారు. గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ ఇద్దరు పట్టుకుంటే తప్ప కదలని వస్తువు నాలుగు రోజులకే ఒకచోట పాతుకుపోతుంది. ఇక దానికీ గూటికీ తేడా ఏముంది? అందుకే అంగుళం మందం చెక్క రీపర్లు తెప్పించాను.

పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు, ఎత్తు రెండు. నాలుగు పెట్టలకు పగటిపూట బాగా సరిపోతుంది. పొడవు పక్కలు రెండూ నిండు చట్రాలు. వెడల్పు పక్కలు మాత్రం ఒక్కోటీ ఒకటిన్నర అడుగుల రెండు ముక్కలు, మధ్యలో తలుపులకు వేసేలాంటి మడత బందులతో కలిపి ఉంటాయి. ఆ మధ్య కీలును లోపలికి నెడితే ముక్కలు రెండూ మడుచుకుని, పొడవు చట్రాలు దగ్గరకొచ్చేస్తాయి. నాలుగు పొరలు కలిసి నాలుగంగుళాల మందం, అంతే. గోడకు ఆనించి పెట్టేయొచ్చు.

దీంట్లో అసలు పనితనమంతా బందుల దగ్గరే ఉంది. దీన్ని చేసిన వడ్రంగి ఆచారి ఒక మాట చెప్పాడు: "అమ్మా, బందు ఏ పక్క కొడితే ఆ పక్కకే మడుచుకుంటాది." అందుకని నాలుగు మూలల బందులూ లోపలి వైపు, మధ్య కీళ్ల బందులు బయటి వైపు బిగించాడు. ఒక్కటి తారుమారైనా కంచె సగంలో బిగుసుకుపోతుంది. మేకులు కాకుండా స్క్రూలే వేయించండి. రోజూ తీసి మడిచేదానికి మేకులు వదులైపోతాయి.

జాలీ దగ్గర పిసినారితనం వద్దు. పల్చటి ఆరుపలకల కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుందేగానీ కుక్కను బయట ఆపలేదు, పంటితో చించేస్తుంది. అంగుళం కన్ను వెల్డ్ మెష్, అంటే ఇనుప తీగలను అతికించి చేసిన గట్టి జాలీ వేయించాను. పైన గద్ద భయం ఉంది కాబట్టి మూతకూ అదే. మూత విడిగా తీసే చట్రం, కొక్కేలతో తగిలించుకోవాలి. అందులో సగానికి పచ్చ షేడ్ నెట్ కుట్టాను. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు దించుకుని నిలబడిందంటే వేడికి తట్టుకోలేకపోతోందని అర్థం. మన ఎండలకు షేడ్ నెట్ ఒక్కటే చాలదు. మధ్యాహ్నానికి కంచెను వేపచెట్టు కిందికి జరిపి, నీళ్ల మట్టి మూకుడు నింపుతాను.

ఇంకోటి, గాలి. మా వైపు రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! జూన్, జూలైలో పడమటి గాలికి తేలిక చట్రం పక్కకు ఒరిగిపోతుంది. తల వంచిన ఇనుప చువ్వలు నాలుగు మూలల్లో దిగ్గొడితే కదలదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. బెండ కాపు అయిపోయిన మడి మీద దీన్ని పెడితే కోళ్లే కలుపు తిని, పురుగులు ఏరుకుని, నేలను గీరి ఎరువు కూడా వేస్తాయి. మన్ను గుల్లబారుతుంది. పచ్చి పెంటకు వేడి ఎక్కువ, లేత వేర్లు మాడిపోతాయి. కాబట్టి ఆ మడిని కొన్ని వారాలు తడుపుతూ వదిలేసి, తర్వాతే గోంగూర చల్లుతాను.

రాత్రి మాత్రం దీంట్లో ఉంచకండి. అడుగున నేలే కాబట్టి ముంగిస తవ్వుకుని దూరగలదు. చీకటి పడకముందే అన్నీ గూటికి చేరాల్సిందే.

ఇప్పుడు ఒక పెట్ట గుడ్లు పొదుగుతోంది. పిల్లలు అంగుళం కన్నులోంచి జారిపోతాయి కాబట్టి, అడుగు ఎత్తు వరకు చుట్టూ అర అంగుళం జాలీ అదనంగా వేయించాలి. ఆచారికి చెప్పి ఉంచాను, ఈ ఆదివారం వస్తానన్నాడు.